చదవలేకపోయిన చోటు చెప్పే స్టూడియో: హన్మకొండలో డాట్ టేపుల బదిలీ

హన్మకొండ చౌరస్తా నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక ఇంటి పై అంతస్తులో, పాత టేపుల్లోని ధ్వనిని కంప్యూటర్‌కు ఎక్కించే చిన్న స్టూడియో ఒకటి ఉంది. పెళ్లిళ్ల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, భజన మండళ్ల ఆడియో క్యాసెట్లు దాని రోజువారీ పని. 1987లో సోనీ సంస్థ మార్కెట్‌లోకి తెచ్చిన డిజిటల్ ఆడియో టేపులు, వాడుకలో డాట్ టేపులు, అక్కడికి అరుదుగా వస్తాయి. వచ్చినప్పుడు వాటిని ఆడించగల డెక్కూ, ఆ డెక్కు స్వభావం తెలిసిన మనిషీ రెండూ ఉన్న చోటు వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడింటిలోనూ నాకు ఇదొక్కటే కనిపించింది. యజమాని ఒంటరిగా పనిచేస్తారు. చేతిలో ఉన్న పనే తెమలడం లేదని, పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. పాత టేపు రికార్డర్లు బాగుచేసే మెకానిక్కులను అడిగితే దారి చూపిస్తారు. ఇది ఆ స్టూడియో పని మీద సమీక్షే అయినా, డాట్ టేపులున్నవారు వాటిని ఎవరి చేతిలో పెట్టినా ముందుగా ఏమి అడగాలో తెలిస్తే మంచిదన్న ఉద్దేశంతో కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఇచ్చిన టేపులు 1990ల నాటివి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో జనగామ, పరకాల, ములుగు ప్రాంతాల ఊళ్లలో ఒగ్గు కథలు, శారద కథలు, కోయ డోలి కళాకారులు పాడే వీరుల గాథలు సేకరించే పనిలో కొందరు మిత్రులతో కలిసి నేనూ తిరిగాను. బృందంలో ఒకరికి విదేశం నుంచి తెప్పించుకున్న పోర్టబుల్ డాట్ రికార్డరు ఉండేది. క్యాసెట్ టేపు మీద ఒగ్గు డోలు దెబ్బ పడగానే గొంతు మసకబారేది; డాట్ మీద డోలు, నపీర (సన్నాయి లాంటి ఊదే వాద్యం), తాళాలు, కథకుడి గొంతు విడివిడిగా నిలిచేవి. అందుకే ముఖ్యమైన ప్రదర్శనలన్నీ వాటి మీదే రికార్డు చేశాం. ఆ తరువాత రికార్డరు మూలపడింది, 2005లో సోనీ డాట్ యంత్రాల తయారీని నిలిపివేసింది, టేపులు మాత్రం ఒక ఇనుప బీరువాలో మిగిలిపోయాయి. వాటిలోని కథకులు పలువురు ఇప్పుడు లేరు. కొన్ని కథలను ఆ వరుసలో, ఆ బాణీలో చెప్పేవారు కూడా ఇప్పుడు దొరకరు.

డాట్ టేపు డిజిటల్ కనుక దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించడం పెన్ డ్రైవ్‌లోని ఫైలును కాపీ చేసుకున్నంత తేలిక అని చాలామంది అనుకుంటారు. టేపు మీద ఉన్నవి అంకెలే అయినా వాటిని చదివే పద్ధతి మాత్రం వీడియో క్యాసెట్‌ను పోలి ఉంటుంది. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. మామూలు క్యాసెట్‌లో టేపు సెకనుకు 47.6 మిల్లీమీటర్లు కదిలితే ఇందులో 8.15 మిల్లీమీటర్లే కదులుతుంది. ఆ లోటును నిమిషానికి 2000 సార్లు తిరిగే డ్రమ్ము పూరిస్తుంది. 30 మిల్లీమీటర్ల వ్యాసం గల ఆ డ్రమ్ముకు అమర్చిన రెండు హెడ్లు టేపు మీద ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటిగా సన్నని ట్రాకులు రాస్తాయి. ఒక్కో ట్రాకు వెడల్పు సుమారు 13.6 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో చిన్న భాగం. రాసిన యంత్రంలో టేపు నడిచిన దారికీ చదివే యంత్రంలో నడిచే దారికీ స్వల్పమైన తేడా ఉన్నా హెడ్డు ట్రాకు మీద సరిగా నిలవదు. ముప్పై ఏళ్ల నాటి టేపును ఇరవై ఏళ్ల నాటి డెక్కులో ఆడించడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ సేవను నేను మెచ్చుకోవడానికి కారణం కూడా అదే. మామూలు క్యాసెట్ పాడైతే ఆ సంగతి చెవికి తెలుస్తుంది. శబ్దం ఊగుతుంది, మసకబారుతుంది, బుస పెరుగుతుంది. డాట్ టేపు పాడైతే చాలాసేపటి వరకు ఏమీ తెలియదు. టేపు మీద ధ్వనితో పాటు తప్పులను సరిదిద్దే రీడ్-సాలమన్ సంకేతాలు కూడా రెండు అంచెలుగా ఉంటాయి. చిన్న చిన్న గీతలు, దుమ్ము వల్ల పోయిన అంకెలను డెక్కు వాటి సాయంతో యథాతథంగా తిరిగి రాబట్టుకుంటుంది. అక్కడి వరకు నష్టమేమీ లేదు. కానీ దెబ్బ ఆ సంకేతాలకు అందనంత పెద్దదైతే, డెక్కు పోయిన అంకె స్థానంలో అటూ ఇటూ ఉన్న అంకెలను బట్టి ఒక ఊహను ఉంచి ముందుకు సాగిపోతుంది. ఈ ఊహలు వరుసగా సాధ్యం కానప్పుడు మాత్రమే శబ్దాన్ని ఆపేస్తుంది. వినేవారికి తెలిసేది ఈ చివరి దశ ఒక్కటే.

ఈ ఏర్పాటు ఎంత గట్టిదంటే, డ్రమ్ములోని రెండు హెడ్లలో ఒకటి పూర్తిగా మూసుకుపోయినా శబ్దం వస్తూనే ఉండవచ్చు. ఒక క్షణానికి చెందిన శాంపిళ్లను, అంటే ధ్వనిని క్షణక్షణం కొలిచి రాసిన అంకెలను, పక్కపక్కన రాయకుండా సరి, బేసి సంఖ్యల వారీగా విడదీసి, రెండు హెడ్లు రాసే రెండు ట్రాకుల మీదికి పంచుతారు. ఒక హెడ్డు చదవకపోతే ప్రతి రెండో శాంపిలు ఊహతో నిండుతుంది. గొంతు వినిపిస్తుంది, మాట అర్థమవుతుంది, కాకపోతే తాళాల మెరుపు పోయి ఒక రకమైన గరుకుదనం వస్తుంది. పాత రికార్డింగు కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని మనం ఆ ఫైలును తీసుకుని, డబ్బు చెల్లించి, ఇంటికి వస్తాం. అందుకే డాట్ బదిలీ చేసేవారిని ఫైలు ఎంత ఇంపుగా ఉందని కాక, ఎక్కడెక్కడ టేపును చదవలేకపోయారని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని సేవ ఎంత చవకైనా ఖరీదైనదే.

ఇది నాకు ఒక చేదు అనుభవం తరువాతే బోధపడింది. ఈ స్టూడియో సంగతి తెలియక మునుపు కొన్ని టేపులను వేరే ఊరిలోని ఒక దుకాణానికి పంపించాను. వారు డెక్కు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి కంప్యూటర్ మైకు రంధ్రంలో పెట్టి రికార్డు చేశారు. డిజిటల్‌గా ఉన్న ధ్వనిని అనలాగ్‌గా మార్చి, మళ్లీ డిజిటల్ చేసి, అదీ ఒకే చానెల్‌లో, చివరికి ఎంపీ3గా కుదించి ఇచ్చారు. వెనుక సన్నని హోరు ఉంది, కథకుడు గొంతెత్తిన ప్రతిచోటా శబ్దం పగిలింది. అడిగితే టేపే అలా ఉందన్నారు. అదే టేపు హన్మకొండ స్టూడియోలో ఆడినప్పుడు హోరూ లేదు, పగులూ లేదు. తప్పు టేపుది కాదని తేలడం సంతోషమే అయినా, ఆ మొదటి ఫైళ్లతోనే సరిపెట్టుకుని టేపులు పారేసినవారు ఎంతమంది ఉంటారో అనిపించింది.

హన్మకొండ స్టూడియోలో పని టేపును డెక్కులో పెట్టడంతో మొదలు కాదు. టేపు అందుకోగానే క్యాసెట్ అంచున ఉన్న చిన్న మీటను జరిపి, పొరపాటున కూడా దాని మీద రికార్డు కాకుండా చేస్తారు. తరువాత అట్ట మీది రాతలను ఫోటో తీస్తారు. ఆ రోజు టేపును ఆడించరు. ఏసీ గదిలో, డెక్కు ఉన్న గదిలోనే, మరునాటి వరకు ఉంచుతారు. వానాకాలం బయటి గాలిలోని తేమ చల్లని డ్రమ్ము మీద పట్టిందంటే, నునుపైన ఆ లోహానికి టేపు అతుక్కుని నలిగిపోతుంది. డాట్ డెక్కులలో తేమను పసిగట్టి యంత్రాన్ని ఆపేసే ఏర్పాటు ఉంటుంది గానీ, పాత యంత్రంలో అది పనిచేస్తుందన్న నమ్మకంతో టేపును పణంగా పెట్టలేమని ఆయన వాదన. నాకు అది సబబుగానే తోచింది. క్యాసెట్ కిటికీలోంచి చూసి టేపు అంచున తెల్లని మచ్చలు, అంటే బూజు, కనిపిస్తే దాన్ని అసలు డెక్కు దగ్గరికి రానివ్వరు. ఒక బూజు టేపు హెడ్లను పాడుచేస్తే దాని వెనుక వచ్చే టేపులన్నింటికీ ప్రమాదం. మా వాటిలో అలాంటివి రెండు మూడు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టించి, మిగతావన్నీ పూర్తయ్యాకే ముట్టుకున్నారు.

ఆడించే ముందు టేపును ఒక కొస నుంచి మరో కొస వరకు, మళ్లీ వెనక్కి, పూర్తిగా చుడతారు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న చుట్టలో బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి ఉంటుంది. ఒకసారి తిప్పితే సమమవుతుంది. టేపుకూ టేపుకూ మధ్య హెడ్లను పరిశీలిస్తారు. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లలు ఇక్కడ పనికిరావు, పోగులు హెడ్డు కొసకు చిక్కుకుని దాన్ని విరిచేయగలవు. మెత్తని తోలు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్ముకు ఆనించి ఉంచి, డ్రమ్మును వేలితో మెల్లగా తిప్పుతారు. తోలును పైకీ కిందికీ కదపరు. ఈ పనిని ఎవరైనా ఎలా చేస్తారో కాసేపు నిలబడి చూస్తే, వారి చేతిలో టేపు పెట్టవచ్చో లేదో అక్కడే తెలిసిపోతుంది.

డెక్కు నుంచి కంప్యూటర్‌కు ధ్వని ఆప్టికల్ కేబుల్ ద్వారా, ఎస్‌పీడీఐఎఫ్ పద్ధతిలో, అంకెల రూపంలోనే వెళుతుంది. మధ్యలో అనలాగ్ దశ లేదు, శబ్దం పెంచడం తగ్గించడం లేదు. ఇక్కడ రెండు విషయాలు చూసుకోవాలి. కంప్యూటర్ పక్కన ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే డెక్కు ధ్వనిని కంప్యూటర్‌కు అందించే పరికరం, శాంపిళ్లను లెక్కించే తన సొంత గడియారాన్ని కాక డెక్కు పంపే గడియారాన్ని అనుసరించేలా పెట్టాలి. అలా పెట్టకపోతే రెండు గడియారాల మధ్య స్వల్ప తేడా వల్ల అప్పుడప్పుడు ఒక శాంపిలు జారిపోయి టక్కుమని చిన్న శబ్దం వస్తుంది, అది టేపు లోపమని పొరపడే అవకాశం ఉంది. రెండోది, టేపు ఏ వేగంతో, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లతో, నమోదైందో ఫైలు కూడా అదే వేగంతో ఉండాలి. డాట్‌లో సెకనుకు 48,000 శాంపిళ్ల రికార్డింగులూ ఉంటాయి, 44,100వీ ఉంటాయి, 32,000వీ ఉంటాయి. 44,100తో రికార్డయిన దాన్ని 48,000 అని ముద్ర వేసి భద్రపరిస్తే పాట వంద నిమిషాలకు బదులు సుమారు తొంభై రెండు నిమిషాల్లో ముగుస్తుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరాలు పెరుగుతుంది. కథకుణ్ణి ఎరిగినవారికి గొంతు కొత్తగా వినిపిస్తుంది, ఎరగనివారు అదే ఆయన గొంతు అనుకుంటారు. ఈ స్టూడియోలో ప్రతి టేపుకూ డెక్కు తెర మీద కనిపించే వేగాన్ని కాగితం మీద రాసుకుని, తరువాతే రికార్డింగు మొదలుపెట్టారు.

మా టేపుల్లో సగానికి పైగా 32,000 వేగంతో, లాంగ్ ప్లే పద్ధతిలో రికార్డయినవి. మల్లన్న కథ, బీరన్న కథ రాత్రి మొదలైతే తెల్లవారేదాకా సాగుతాయి. 120 నిమిషాల టేపు మధ్యలో అయిపోతే మార్చే లోపు ఒక ఘట్టం పోతుంది. అందుకని టేపు కదిలే వేగాన్ని సగానికి తగ్గించి, అదే టేపును నాలుగు గంటల పాటు నడిపించే ఈ పద్ధతిని వాడేవాళ్లం. ఇందులో ప్రతి శాంపిలును 16 బిట్లకు బదులు 12 బిట్లలో, సమానం కాని మెట్లతో కుదించి రాస్తారు; చదివేటప్పుడు డెక్కు దాన్ని మళ్లీ 16 బిట్లకు విప్పి పంపుతుంది. అన్ని డాట్ డెక్కులూ లాంగ్ ప్లే టేపులను ఆడించవు. పెద్ద స్టూడియోల కోసం చేసిన కొన్ని ఖరీదైన డెక్కులలో ఈ సౌకర్యం ఉండదు, ఇళ్లలో వాడుకునే వాటిలో చాలావరకు ఉంటుంది. మీ దగ్గర ఇలాంటివి ఉంటే ఎవరికి ఇచ్చినా ముందు ఈ సంగతి తేల్చుకోవడం మంచిది. ఈ స్టూడియోలోని ప్రధాన డెక్కు వాటిని ఇబ్బంది లేకుండా ఆడించింది.

ఇక లోపాల నివేదిక దగ్గరికి వద్దాం. ఈ స్టూడియోను మిగతావారి నుంచి వేరుచేసేది ఇదే. పానసోనిక్ ఎస్‌వీ-3700, ఎస్‌వీ-3800 వంటి కొన్ని డెక్కులలో కొన్ని మీటలను కలిపి నొక్కితే తప్పుల లెక్క తెర మీద కనిపిస్తుంది. ఇక్కడి డెక్కులోనూ అలాంటి ఏర్పాటు ఉంది. టేపు నడుస్తున్నంతసేపూ ఆ అంకె పెరిగిన చోటునల్లా, టేపులోనే నమోదై ఉండే కాలసూచికను బట్టి, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల దగ్గరో రాస్తారు. అంతటితో ఆగకుండా అనుమానం ఉన్న టేపులను రెండోసారి కూడా ఎక్కించి, రెండు ఫైళ్లనూ ఒక్క శాంపిలు తేడా లేకుండా పక్కపక్కన అమర్చి, ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తారు. రెండూ ఒకటే అయితే మిగిలేది నిశ్శబ్దమే. డెక్కు ఒకసారి చదవగలిగి మరోసారి ఊహించిన చోట్లు మాత్రం చిన్న మచ్చల్లా బయటపడతాయి. బాగా చదివిన భాగాన్ని తీసుకుని ఆ మేరకు అతికిస్తారు, అతికిన చోటును కూడా నివేదికలో రాస్తారు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది, దాన్ని ఆయనే ముందుగా చెప్పారు. టేపు మీద పొర పూర్తిగా రాలిపోయిన చోట డెక్కు రెండుసార్లూ ఒకే విధంగా ఊహించవచ్చు. అప్పుడు రెండు ఫైళ్లూ ఒకేలా ఉంటాయి, నష్టం మాత్రం ఉంటుంది. కాబట్టి తీసివేత ఒక్కటీ సరిపోదు, డెక్కు చూపే తప్పుల లెక్క కూడా కావాలి. తన పద్ధతిలోని లోటును ఖాతాదారుడు అడగకముందే చెప్పేవారు ఈ వ్యాపారంలో తక్కువ. ములుగు వైపు రికార్డు చేసిన ఒక డోలి పాట టేపుకు నివేదిక అర పేజీ వచ్చింది. విన్నప్పుడు నాకు ఏ లోపమూ తెలియలేదు. కానీ రేపు ఎవరైనా ఆ పాటలోని తాళాన్ని పరిశోధించదలిస్తే, ఏ క్షణాన్ని నమ్మాలి, ఏ క్షణాన్ని నమ్మకూడదు అన్నది ఆ అర పేజీ చెబుతుంది. ఆ కాగితం ఫైలుతో సమానమైన వస్తువు.

కొన్ని టేపులు ప్రధాన డెక్కులో అసలు ఆడలేదు. శబ్దం ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయేది. టేపు చెడిపోయిందని తేల్చేయకుండా, రికార్డు చేసిన యంత్రం ఏదైనా మిగిలి ఉందా అని అడిగారు. రికార్డరులో టేపును నడిపించే గైడ్లు అప్పట్లోనే కాస్త జరిగి ఉంటే, అది రాసిన టేపులు దానిలో మాత్రమే బాగా ఆడతాయి. మూలపడ్డ రికార్డరును తెచ్చి ఇచ్చాం గానీ అది కదిలే స్థితిలో లేదు. అప్పుడు ఆయన తన దగ్గర విడిభాగాల కోసం ఉంచుకున్న రెండో డెక్కులో గైడ్ల ఎత్తును ఆ టేపులకు తగినట్లు కొద్దికొద్దిగా మార్చి ఆడించారు. ప్రధాన డెక్కు గైడ్లను మాత్రం ముట్టుకోలేదు. దాన్ని ఒకసారి కదిలిస్తే సరైన స్థితికి తేవడానికి కావలసిన ప్రమాణ టేపు ఇప్పుడు దొరకడం కష్టమన్నారు. ఈ విధంగా చాలావరకు బయటపడ్డాయి. ఒకటి రెండు టేపుల్లో చివరి భాగం నలిగి ఉంది. “ఇంకోసారి తిప్పితే తెగుతది సార్, ఉన్నకాడికి తీసుకుందాం” అని అక్కడితో ఆపారు. ఇంకా కొంత రాబట్టవచ్చేమోనన్న ఆశ నాకు ఉన్నా, ఆ నిర్ణయం సరైనదే.

లోపాలు లేకపోలేదు, వాటిలో మొదటిది ముక్కల సమస్య. డాట్ రికార్డర్లు నిశ్శబ్దం తరువాత శబ్దం పెరిగిన ప్రతిసారీ కొత్త అంశం మొదలైందని తమంతట తామే ఒక గుర్తు వేస్తాయి. సినిమా పాటల టేపుకు అది ఉపయోగమే. ఒగ్గు కథలో కథకుడు ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుని మళ్లీ డోలు అందుకున్న ప్రతిచోటా ఆ గుర్తు పడుతుంది. మొదటి విడతలో స్టూడియో వారు అలవాటు ప్రకారం ఆ గుర్తుల దగ్గర కోసి, ఒక్కో కథను పదుల కొద్దీ ఫైళ్లుగా చేసి ఇచ్చారు. కోసిన చోట్ల కొన్ని క్షణాలు పోయాయేమోనన్న అనుమానం ఉండనే ఉంది. అడిగిన తరువాత టేపుకు ఒకే ఫైలుగా, గుర్తుల పట్టికను విడిగా ఇచ్చారు. మీరు ముందే చెప్పుకోవడం మంచిది.

రెండోది, శుభ్రపరచడం పట్ల ఉత్సాహం. వెనుక శబ్దాలను తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంది, చేసిపెట్టమంటారా అని అడుగుతారు. పెళ్లి వీడియోకు అది పనికొస్తుందేమో. ఊరి మధ్య రాత్రి జరిగిన ప్రదర్శనలో కుక్కల అరుపు, జనరేటరు మోత, కథకుడి మాటకు జనం ఇచ్చిన ఊఁ కూడా రికార్డింగులో భాగమే. ఆ ఊఁ పోతే కథ సగం పోయినట్లే. నేను వద్దన్నాను, వారు పట్టుబట్టలేదు. కావాలంటే అసలు ఫైలును అలాగే ఉంచి, కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. కొన్ని టేపులు ఎంఫసిస్ అనే ఏర్పాటుతో, హెచ్చు శ్రుతులను పెంచి రాసినవై ఉంటాయి. డెక్కు తన అనలాగ్ ఔట్‌పుట్‌లో దాన్ని సరిచేస్తుంది గానీ డిజిటల్ ఔట్‌పుట్‌లో చేయదు. అలాంటి టేపుల ఫైళ్లు చెవికి పదునుగా వినిపిస్తాయి. దాన్ని సరిదిద్దడం మాత్రం శుభ్రపరచడం కిందికి రాదు, చేయవలసిన పనే. మా వాటిలో అలాంటివి తగలలేదు.

ఫైళ్ల పేర్ల దగ్గర మాత్రం నాకు తృప్తి కలగలేదు. అట్టల మీద తెలుగులో స్పష్టంగా రాసి ఉన్న ఊరి పేర్లు, కథకుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారేసరికి గుర్తుపట్టలేని విధంగా తయారయ్యాయి. ఒక ఊరు రెండు రకాలుగా, రెండు ఊళ్లు ఒకే రకంగా వచ్చాయి. అన్నింటినీ మళ్లీ నేనే సరిచూసుకోవలసి వచ్చింది. రసీదు కూడా అడిగితేనే ఇస్తారు. విలువైన టేపులు అప్పగించేటప్పుడు ఏ టేపులు ఇచ్చామో, ఏ స్థితిలో ఇచ్చామో ఇద్దరూ సంతకం చేసిన పట్టిక తప్పనిసరి అని నా అభిప్రాయం. దాన్ని స్టూడియో తన పద్ధతిగా పెట్టుకోకపోవడం లోపమే.

మరో పద్ధతి గురించి కూడా చెప్పాలి. డాట్ యంత్రాంగం మీదనే ఆధారపడి కంప్యూటర్ డేటా భద్రపరిచే డీడీఎస్ డ్రైవులు వచ్చాయి. వాటిలో కొన్నింటికి, ముఖ్యంగా సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల కోసం ప్రత్యేక ఫర్మ్‌వేర్‌తో (యంత్రాన్ని నడిపే లోపలి ప్రోగ్రాంతో) వచ్చిన ఆర్కైవ్ పైథాన్ డ్రైవులకు, ఆడియో డాట్ టేపులను కూడా చదివే శక్తి ఉంది. అలా చదివితే కాలసూచిక, రికార్డింగు తేదీ వంటి సమాచారం కూడా ధ్వనితో పాటు వస్తుంది, టేపు మీది డేటా ముక్కల్లో చదవలేకపోయినవి ఏవో తెలుస్తుంది, టేపు నడిచినంతసేపు ఎదురుచూడవలసిన అవసరం కూడా ఉండదు. వందల టేపులున్న సంస్థలకు అదే తగిన దారి. ఈ స్టూడియోలో అది లేదు. అయితే నలిగిన, గైడ్ల తేడా ఉన్న టేపులతో ఆ డ్రైవులు డెక్కు కన్నా తొందరగా చేతులెత్తేస్తాయి కనుక, మా లాంటి టేపులకు డెక్కు మార్గమే నయమనుకుంటున్నాను.

ధర విషయానికి వస్తే, టేపు నడిచే గంటకు నాలుగు వందల రూపాయలు తీసుకున్నారు. రెండోసారి ఎక్కించి పోల్చినందుకు వేరే రుసుము లేదు, గైడ్లు మార్చి ఆడించిన టేపులకు మాత్రం అదనంగా తీసుకున్నారు. క్యాసెట్ బదిలీ ధరలతో పోలిస్తే ఇది ఎక్కువ. యంత్రం అరుగుదల, దొరకని విడిభాగాలు, మనిషి పక్కనే కూర్చోవలసిన సమయం లెక్కలోకి తీసుకుంటే ఎక్కువ కాదు. డెక్కు ద్వారా చేసే బదిలీకి టేపు ఎంతసేపుంటే అంతసేపూ పడుతుంది, తొందరపెట్టి ప్రయోజనం లేదు. వానాకాలంలో పని ఇంకా నెమ్మదిస్తుంది. వీలైతే చలికాలంలో ఇవ్వండి.

ఫైళ్లను కుదించని వేవ్ రూపంలో, ఖాతాదారుడు తెచ్చిన హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఇస్తారు. 48,000 వేగంతో ఉన్న రెండు గంటల టేపుకు సుమారు 1.38 జీబీ, నాలుగు గంటల లాంగ్ ప్లే టేపుకు సుమారు 1.84 జీబీ పడుతుంది. ప్రతి ఫైలుకూ ఎండీ5 సంఖ్య, అంటే ఫైలులోని అంకెలన్నింటి నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య, రాసిన పట్టిక కూడా ఇచ్చారు. ఫైలును మరో డిస్కులోకి కాపీ చేసినప్పుడు ఆ సంఖ్య మళ్లీ లెక్కించి పోల్చుకుంటే ఏదైనా మారిందో లేదో తెలిసిపోతుంది. ఎంపీ3 అడిగితేనే ఇస్తారు, అది కథకుల కుటుంబాలకు ఫోన్‌లో పంపడానికి బాగుంటుంది. వెళ్లేటప్పుడు రెండు హార్డ్ డిస్కులు తీసుకెళ్లండి, మొదట ఒక్క టేపు మాత్రమే ఇచ్చి దాని ఫైలు, నివేదిక చూశాక మిగతావి ఇవ్వండి, ఒరిజినల్ టేపులన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. మినీడిస్కులు, స్టూడియోల ఎనిమిది ట్రాకుల అడాట్ టేపులు వారు తీసుకోరు.